2,4-డిలో జింకు కలిపితే మందు ఎందుకు విరిగింది?

ప్రశ్న: యాసంగి వరి నాటి 24 రోజులైంది. తుంగ, గుంటగలగర బాగా వచ్చాయి. జింకు లోపంతో ఆకుల మీద తుప్పు మచ్చలూ ఉన్నాయి. కూలి కలిసొస్తుందని కలుపు మందు 2,4-డి సోడియం సాల్ట్, జింకు సల్ఫేటు రెండింటినీ మగ్గెడు బోరు నీళ్లలో కలిపి ట్యాంకులో పోశాను. పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకట్టి నాజిల్ మూసుకుపోయింది. మందు నకిలీదా? వడగట్టి కొట్టొచ్చా? – ఓ రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: దీన్నిబట్టి మందు నకిలీదనలేం. అసలు మందైనా జింకుతో ఇలాగే విరుగుతుంది.

2,4-డి అణువు కొసన ఆమ్ల భాగం ఉంటుంది. సోడియం దాన్ని పట్టుకోదు, నీళ్లలో వదిలేస్తుంది. అందుకే పొడి సులువుగా కరుగుతుంది. జింకు అలా కాదు. జింకు, 2,4-డి కలిసి ఏర్పడే సమ్మేళనాల స్ఫటికాలను ఎక్స్‌రేలతో చూస్తే, మందు అణువుల ఆక్సిజన్లు నేరుగా లోహానికి అతుక్కుని ఉంటాయి. ఒక్కో జింకు రెండేసి అణువులను పట్టుకుంటుంది. 16 లీటర్ల ట్యాంకులో 2,4-డి 32 గ్రాములు, జింకు సల్ఫేటు 32 గ్రాములు వేశారనుకోండి. ఆ జింకు, అందులోని మందుకు రెట్టింపును పట్టేయగలదు. మీరు మగ్గులో చిక్కగా కలపడంతో ఇద్దరూ అక్కడే కలుసుకున్నారు. సబ్బు నురగ సరిగా రాని కఠిన నీళ్ల బోరైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం కూడా ఇదే పని చేస్తాయి.

వడగట్టి కొట్టకండి. గుడ్డలో మిగిలేది మందే, కిందికి దిగేది నీరసించిన ద్రావణం. ముద్దకట్టిన రేణువు ఆకు పైపొరను దాటి లోపలికి పోదు. ఆ నీళ్లను కాలువలో, బావి దగ్గర పారబోయవద్దు. పంటకు, నీటికి దూరంగా బీడు నేలలో పోయండి.

ఇక వరుస మార్చుకోండి. తుప్పు మచ్చలతో బలహీనపడ్డ పైరు మీద ముందు కలుపు మందు కొట్టడం నాకిష్టం లేదు. రేపే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు ఒక్కటే పిచికారీ చేయండి. ఐదు రోజులాగి 2,4-డి సోడియం సాల్ట్ 80 శాతం పొడిని ఎకరాకు 400 గ్రాములు, 200 లీటర్ల నీటిలో కొట్టండి. ముందు రోజు మడిలో నీరు తీసేస్తేనే కలుపు ఆకులు బయటపడి తడుస్తాయి. రెండు రోజుల తర్వాత నీరు పెట్టండి. మరో ఐదు రోజులకు రెండో విడత జింకు.

కాలువ నీళ్లు దొరికితే అవే వాడండి. బోరు నీళ్లే దిక్కయితే, ముందు లీటరు గాజు సీసాలో 2 గ్రాముల మందు కలిపి అరగంట వదిలి వెలుతురుకు పట్టి చూడండి. అడుగున తెల్లటి మడ్డి దిగితే ఆ నీళ్లు పనికిరావు.

నాజిల్, జల్లెడ, గొట్టం విప్పి సబ్బు నీళ్లతో మూడుసార్లు కడగండి. అదే పంపుతో పత్తికో, మిరపకో మందు కొట్టవద్దు. అడుగున మిగిలిన కాస్త 2,4-డి చాలు, ఆకులు మెలితిరిగిపోతాయి. పక్క చేలో ఆ పంటలుంటే గాలి అటు వీచే వేళ పిచికారీ ఆపండి.

వచ్చే పంటకు ఆఖరి దమ్ములోనే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకండి.