అవి చుక్కలు కావు, దీపాలు

తమ్ముడూ, భావనపాడులో కొన్న నెత్తళ్లలో వేలెడు నల్ల చేప వచ్చిందని, పొట్ట కింద గుండీల్లాంటి చుక్కలు చూసి ఏదో కెమికల్ పట్టిందేమోనని అడిగావు. ఫొటో చూశాను. టెన్షన్ అక్కర్లేదు. అది లాంతరు చేప అనే నా నమ్మకం. పిల్ల చేప కూడా కాదు, దాని సైజే అంత. సుమారు 250 రకాలున్న ఈ కుటుంబంలో చాలావరకు జానెడు కూడా దాటవు.

ఇంకా అనుమానముంటే దాన్ని అరచేతిలో పెట్టుకుని చూడు. తలకి మించిన కళ్లు, ముట్టుకుంటే రాలిపోయే పొలుసులు. వీపు రెక్క దాటాక, తోకకి ముందు, ముల్లు లేని బుల్లి కండ రెక్క ఒకటి ఉంటుంది. నెత్తళ్లకి, కవ్వలకి అది ఉండదు. నేనైతే దాన్నే నమ్ముతాను.

ఆ చుక్కలు వెలుగిచ్చే అవయవాలు. పగలు ఇవి వందల మీటర్ల లోతులో ఉంటాయి. కింద నుంచి చూసే వేటాడే చేపకి పైవెలుగులో వీటి నీడ కనబడకుండా, పొట్ట కింద అంతే మసక వెలుగు వేసుకుంటాయి. చచ్చాక దీపం ఆరిపోతుంది, అందుకే నీకు మచ్చల్లా కనిపించాయి. రాత్రయితే మేతకి పైకొస్తాయి; బహుశా అప్పుడే వలలో పడుంటుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సోనార్‌కి, అంటే శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో లోతు కొలిచే పరికరానికి, సముద్రం మధ్యలోనే నేల తగిలినట్టు కనబడేదట. శబ్దాన్ని అలా వెనక్కి కొట్టినవాటిలో వీటి గుంపుల వాటా పెద్దదే!

మిగతా నెత్తళ్లు తాజాగా ఉంటే కూర వండేసుకో. దీన్ని మాత్రం పక్కన పెట్టు. కొన్ని రకాల్లో మైనం లాంటి కొవ్వు ఉంటుంది, అది మనకి అరగదు.