నివాళి ఎత్తాలా, అర్పించాలా?

ప్రశ్న: మొన్న నవరాత్రుల్లో శుక్రవారం ఇంట్లో పూజ చేసుకుని, హారతి వేళకు మా అమ్మమ్మ చేతిరాత పుస్తకంలోని పాట అందుకున్నాను. పల్లవిలోనే 'నివాళి గొనవే, భవాని మాయమ్మా' అని ఉంది. చరణం దాకా రాకముందే మా వదిన ఆపించింది. "శుభమా అని పూజ చేసుకుంటుంటే నివాళేమిటి? అది పోయినవాళ్ళకు కదా" అంది. అప్పటికప్పుడు 'హారతి గొనవే' అని మార్చి పాడేశాను గానీ టెన్షన్ పోలేదు. అపచారం చేశానా? ఇంకొకటి. దీపం ఆరిపోయింది అన్నా ఆమె ఊరుకోదు, 'కొండెక్కింది' అనాలంటుంది. తిరుపతిలో ఉంటూ ఆ మాటంటే నాకు నవ్వొస్తుంది. ఈ రెండిటి సంగతీ చెప్పండి. (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: అపచారమేమీ లేదమ్మా. నివాళి అంటే హారతే. మీ అమ్మమ్మ ఆ మాట రాసుకున్నప్పుడు ఆమెకు తెలిసిన అర్థం అదొక్కటే అయివుంటుంది. పాత నిఘంటువుల్లోనూ నివాళికి ఆరతి, నీరాజనం అనే అర్థాలే కనిపిస్తాయి. సంతాపం వాసన దానికి పేపర్ల వల్ల, సభల వల్ల ఆ తర్వాత అంటింది.

అసలు ఆ మాటలో ఉన్నది తిప్పడం. దేవుడికో, పెళ్ళికూతురికో, యుద్ధం గెలిచి వచ్చినవాడికో ఎదురుగా ఏదైనా ఒకటి చుట్టూ తిప్పి, వాళ్ళకు తగిలిన చెడు చూపును దాంతో పాటు తీసేయడం. తిప్పేది కర్పూరమే కానక్కరలేదు. మన తాళ్ళపాక అన్నమయ్య అలమేలుమంగకు పాడిన 'క్షీరాబ్ధి కన్యకకు' మీకు నోటికి వచ్చే ఉంటుంది. అందులో ఒకచోట 'కప్పురపు నీరాజనం', ఇంకోచోట 'నిలువు మాణిక్యముల నీరాజనం'. ముత్యాల హారతులు, పగడాల హారతులు అని మన ఆడవాళ్ళు పాడుకునేదీ అదే. పెళ్ళిలో పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రగా మారతాయే, ఆ ఎర్రనీళ్ళు తిప్పడం కూడా ఈ జాతిదే. కన్నడంలో ఇప్పటికీ 'నివాళిసు' అంటే దిష్టి తీసినట్టు చుట్టూ తిప్పడం. పక్క భాష దాచిపెట్టుకున్న అర్థాన్ని మనం పోగొట్టుకున్నాం. తిప్పి పారేసే ఈ పనికి తెలుగులో దిగదుడవడం అని ఇంకో మాట ఉంది. 'అతని ముందు ఇతను దిగదుడుపే' అంటున్నప్పుడు మనం ఎంత పెద్ద తిట్టు తిడుతున్నామో తెలియదు. అతనికి దిష్టి తీసి పారేయడానికి తప్ప ఇతను పనికిరాడని కదా!

నీరాజనం సంగతి ఇంకా తమాషా. అది సంస్కృతం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గుర్రాల మీద ఒక అధ్యాయం ఉంది. ఆశ్వయుజం తొమ్మిదో రోజున గుర్రాలకు నీరాజనం చేయించాలని అందులో చెబుతాడు. మీరు పాట పాడిన నెలే అది. ఇప్పుడు మనం ఆయుధపూజ నాడు బైక్‌కూ కారుకూ కర్పూరం తిప్పి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాం. గుర్రం పోయి బండి వచ్చింది, అంతే.

అంటే నివాళి, నీరాజనం, హారతి మూడూ ఒకే పళ్ళెంలోవి. మరి పేపర్లు ఏం చేశాయో చూడండి. నాయకుడు ఊరికి వస్తే 'జన నీరాజనం' అంటాయి. అదే నాయకుడు పోయాక వర్ధంతికి 'ఘన నివాళి' అంటాయి. ఒకే అర్థమున్న రెండు మాటల్ని బతికున్నవాళ్ళకొకటి, పోయినవాళ్ళకొకటి అని పంచిపెట్టేశాయి. జోహారుకూ ఇదే గతి పట్టింది. ఒకప్పుడు కొలువులో ఎదురుగా ఉన్న దొరకు చేసే దండం అది. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని 'జోహార్లు' అంటే ఆయన ఉలిక్కిపడతాడు. దీన్ని పేపర్ల తప్పని నేను అనను. అందరూ ఒక అర్థంలో వాడుతుంటే అది ఆ మాటకు అర్థమే. కాకపోతే కొత్త అర్థం వచ్చిందని పాత అర్థానికి దండ వేసెయ్యనక్కరలేదు.

రెండిటినీ విడదీయడానికి ఒక గుర్తు చెబుతాను. మాట పక్కనున్న క్రియ చూడండి. నివాళి ఎత్తినా, ఇచ్చినా, దేవత దాన్ని గొన్నా అది హారతి. నివాళులు 'అర్పించారు' అంటే అది సంతాపసభ. హారతికి అర్పించడం మన నుడికారంలో ఇమడదు. హారతి ఇస్తాం, పడతాం, పాటల్లోనైతే ఎత్తుతాం. పళ్ళెం మన దగ్గరికి వచ్చినప్పుడు తీసుకుంటాం, కళ్ళకద్దుకుంటాం. పూజ పుస్తకంలో సంస్కృతం కూడా ఇంచుమించు ఇంతే. పువ్వులకూ నైవేద్యానికీ 'సమర్పయామి'. ధూపానికి 'ఆఘ్రాపయామి', అంటే వాసన చూపిస్తున్నాను. దీపానికి 'దర్శయామి', చూపిస్తున్నాను. నీరాజనానికి 'సమర్పయామి' అనేవాళ్ళూ ఉన్నారు గానీ 'సందర్శయామి' అన్నప్పుడే పని కళ్ళకు కడుతుంది. వెలుగును చేతిలో పెట్టలేం, చూపించగలం.

మీరు అప్పటికప్పుడు మాట మార్చినా పాట తడబడకపోవడానికి కారణముంది. 'నివాళి'కి నాలుగు మాత్రలు, 'హారతి'కీ నాలుగే. కాబట్టి తాళం నిలబడింది. పోయింది ప్రాస. నివాళి, భవాని: రెండిట్లోనూ రెండో అక్షరం 'వ', దానికి ముందున్నవి రెండూ లఘువులు. ఆ పాట కట్టినవాళ్ళు చెవి పెట్టి కూర్చిన జోడీ అది. 'హారతి' పెడితే 'భవాని' ఒంటరిదైపోతుంది. కనుక వచ్చే శుక్రవారం పుస్తకంలో ఉన్నట్టే పాడండి.

ఇక దీపం సంగతి. 'ఆరింది' చక్కని తెలుగు మాట. బట్టలు ఆరినా, దీపం ఆరినా అదే ధాతువు, అందులో అశుభమేమీ లేదు. కొందరైతే 'ఆరతి' కూడా 'ఆరు' నుంచి వచ్చిందేమోనని భయపడి 'హారతి' అనే పలుకుతారు. ఆ భయం అక్కర్లేదు. ఆరతి సంస్కృతంలోని 'ఆరాత్రికం' నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. హారతి, ఆరతి రెండూ సరైనవే.

కానీ మీ వదిన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. నల్లపూసలు తెగితే 'పెరిగాయి' అంటాం. బయల్దేరేటప్పుడు 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటాం. లేమిని నోటితో అనకూడదన్న పట్టింపు మనది. దాన్నుంచే 'దీపం కొండెక్కింది', కొన్ని చోట్ల 'ఘనమైంది' అనేవి పుట్టాయి. ఫ్యూజు పోయి లైటు ఆరిపోతే కొండెక్కిందని ఎవరూ అనరు. దేవుడి దగ్గర నూనె దీపానికే ఆ మర్యాద.

ధరలు కొండెక్కాయంటే వేరే సంగతి. మన ఊళ్ళో మనుషులు కొండెక్కడమంటే మరీ వేరే సంగతి. మీకు నవ్వొచ్చిందన్నారే, మాకు చిన్నప్పుడే వచ్చేది. పెరటాసి నెలలో, అంటే తమిళుల పురట్టాసిలో, తిరుమల శనివారాలకు మా అవ్వ వెంకన్నకు తళిగ, అంటే నైవేద్యం, వేసేది. బియ్యప్పిండి, బెల్లం పిసికి ముద్ద చేసి, నడుమ బొటనవేలితో గుంట నొక్కి, నెయ్యి పోసి ఒత్తి వేసేది. పిల్లలందరం గోవిందలు కొట్టి ఆ పిండి దీపం చుట్టూ చేరేవాళ్ళం. నెయ్యి ఇంకిపోయిన ఆ గుంట అంచు మీదే అందరి కన్నూ. దీపం కొండెక్కితే గానీ పిండి ముట్టనిచ్చేది కాదు.

"కొండెక్కిందా అవ్వా?" అని అడిగితే ఒత్తి వైపు చూసి, "యాడరా, ఇంకా అలిపిరి కాడే ఉండాది" అనేది. తిరుమల మెట్లదారి మొదలయ్యేది అక్కడే. కాసేపటికి మంట పొట్టిదయ్యేది. "గాలిగోపురం దాటింది." ఒత్తి పక్కకు వాలి, మంట నీలంగా మారి చిటపటలాడేది. "మోకాళ్ళ మెట్టురా, ఇప్పుడు గమ్మునుండండి." సన్నటి పొగ ఒకటి నిలువుగా లేచేది. అవ్వ చేతులు జోడించి "గోవిందా" అనేది. నల్లగా మాడిన చోటు గోటితో గీకి తీసేసి, మిగతాది చిన్నవాడితో మొదలుపెట్టి పంచేది.