క్లబ్ టూర్‌కి అడ్వాన్స్ కట్టాలా?

ప్రశ్న: మా సేవా క్లబ్‌కి యూరప్‌లో ఒక ట్విన్ క్లబ్ (మాతో జత కట్టిన క్లబ్) ఉంది. వచ్చే ఏడాది రెండు క్లబ్‌ల వాళ్లం కలిసి పది రోజులు తిరగాలని ప్రోగ్రామ్ వేశారు. మొదటి మూడు రాత్రులు వాళ్ల ఇళ్లలో బస, ఆ తర్వాత అందరం ఒకే బస్సులో టూర్. నెలాఖరుకల్లా సగం డబ్బు కట్టమంటున్నారు. చేతిలో అంత లేదు. అత్యవసరానికి ఉంచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయనా, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోనా? అందరూ వెళ్తుంటే మనం ఆగితే బాగుండదని మావారి పట్టు.

జవాబు: రెండూ వద్దండి. డిపాజిట్ తీసేస్తే, టూర్‌లో ఉండగానే ఇంట్లో ఏదైనా అవసరం పడితే ఇంకొకరి దగ్గర చేయి చాపాలి. ఈఎంఐ అయితే ఫోటోలు చూడటం మానేశాక కూడా వాయిదాలు కడుతూనే ఉంటారు. అడ్వాన్స్‌ని మూడు నాలుగు విడతలుగా తీసుకోమని కమిటీని అడగండి. మీలాగే ఇబ్బంది పడుతూ బయటికి చెప్పనివాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

అసలు మీ లెక్కలోకి రాని ఖర్చు ఒకటుంది. ఈసారి మీరు వాళ్లింట్లో ఉంటే, రేపు వాళ్లొచ్చినప్పుడు మీ ఇంట్లో ఉంచుకోవాలి. రోటరీ క్లబ్‌లలో ఫ్రెండ్‌షిప్ ఎక్స్ఛేంజ్ (ఒకరి దేశానికి ఒకరు వెళ్లిరావడం) నడిచేదీ దాదాపు ఇలాగే: ప్రయాణ ఖర్చులు వెళ్లేవాళ్లే పెట్టుకోవాలి, బస మాత్రం సాధారణంగా అక్కడి సభ్యుల ఇళ్లలో. కాబట్టి ఇది ఒక టూర్ ఖర్చు కాదు, రెండేళ్ల ఖర్చు. అతిథులకు గది, భోజనాలు, తిప్పి చూపించడం, చివర్లో కానుకలు, అన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద వేసి టూర్ ధరకు కలపండి. ఆ మొత్తం చూశాక కూడా మనసు వెళ్దామంటే అప్పుడు మాట్లాడదాం.

ఇక అడ్వాన్స్ సంగతి. గ్రూప్ టూర్‌లో బస్సు, గైడ్ ఖర్చు మనుషులు తగ్గినా తగ్గదు. 24 మంది మీద వేసిన బస్సు ఖర్చు, ఆరుగురు మానుకుని 18 మంది మిగిలితే, తలా మూడో వంతు పెరుగుతుంది. ఆ తేడా ఎవరు భరిస్తారు? మానుకున్నవాళ్లకు ఏ తేదీ దాకా ఎంత వాపసు ఇస్తారు? ఈ రెండూ రాతలో లేకుండా పైసా కట్టకండి. డబ్బు కూడా ఎవరి సొంత ఖాతాలోకో కాకుండా క్లబ్ ఖాతాలోకి వెళ్లాలి, రసీదు తీసుకోవాలి. మొహమాటపడితే నష్టపోయేది మీరే. క్లబ్ నిధి నుంచి కొంత సర్దుతామని ఎవరైనా అంటే సంతోషపడకండి. లయన్స్ లాంటి సంస్థల్లో ప్రజల దగ్గర సేకరించిన సొమ్ము ప్రజల పనులకే వాడాలన్న నియమం ఉంది. సభ్యుల చందాల ఖాతా వేరు.

ధరలో ఎంత భాగం యూరోల్లో ఉందో కూడా కనుక్కోండి. 70 శాతం ఉందనుకుందాం. యూరో 5 శాతం పెరిగితే మీ మొత్తం ఖర్చు 3.5 శాతం పెరుగుతుంది. చిన్నదే, కానీ చివరి విడత రోజున గుర్తొస్తే టెన్షన్. అక్కడ షాపులో కార్డు గీకినప్పుడు మెషీన్ 'మీ దేశం కరెన్సీలో కడతారా' అని అడుగుతుంది. యూరోలనే ఎంచుకోండి, లేకపోతే వాళ్లకు నచ్చిన రేటు వేస్తారు.

షెంజెన్ వీసాకి (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కానీ అది మీరు టూర్ మానుకుంటే డబ్బు తెచ్చిపెట్టేది కాదు. క్యాన్సిలేషన్ కవర్ (టూర్ రద్దయితే డబ్బిచ్చే బీమా) విడిగా ఉందో లేదో చూడండి, ఉన్నా మనసు మార్చుకున్నందుకు ఇవ్వరు, వీసా రాకపోతే చాలా పాలసీల్లో రాదు. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ ఆగిపోవచ్చు.

విడతలకు కమిటీ ఒప్పుకుంటే, ఇప్పటి నుంచి నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుంటూ కట్టండి. ఒప్పుకోకపోతే మీవారిని ఒక్కరినే పంపడమూ ఒక దారే, కానీ గది ఇంకొకరితో పంచుకునేలా ముందే మాట్లాడుకోవాలి. ఒంటరి గదికి అదనంగా పడుతుంది.