ఫోటోల కోసం ఒక పెద్ద డిస్కా, రెండు చిన్నవా?

ప్రశ్న: పదిహేనేళ్లుగా తీసిన కుటుంబ ఫోటోలు, మా అమ్మాయి పెళ్లి ఫోటోల ఒరిజినల్స్ కలిపి ల్యాప్‌టాప్‌లో సుమారు 700 జీబీ ఉన్నాయి. వాటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి మార్చి ల్యాప్‌టాప్ ఖాళీ చేద్దామనుకుంటున్నాను. 4 టీబీ హార్డ్‌డిస్క్ మంచిదా, ఎస్‌ఎస్‌డీయా? ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండున్నర వేలకే కనిపిస్తోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఊరు, పేరు మారుతున్నాయే గాని ఈ ప్రశ్న రావడం మాత్రం ఆగడం లేదు. వచ్చిన ప్రతిసారీ నన్ను కలవరపెట్టేది ‘ల్యాప్‌టాప్ ఖాళీ చేద్దాం’ అన్న మాటే. అక్కడ చెరిపేసిన మరుక్షణం మీ డిస్క్‌లో ఉన్నది బ్యాకప్ అనిపించుకోదు. లోకంలో మిగిలిన ఒకే ఒక్క ప్రతి అవుతుంది. అందుచేత 4 టీబీది ఒకటి కొనే బదులు 2 టీబీవి రెండు కొని, రెండింటిలోనూ అవే ఫోటోలు ఉంచి, రెండోదాన్ని మీ అమ్మాయి ఇంట్లోనో, తోబుట్టువుల ఇంట్లోనో దాచండి. రెండూ వేర్వేరు కంపెనీలవైతే ఒకే తయారీ లోపం రెండింటినీ దెబ్బతీసే ప్రమాదం తగ్గుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట అన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ స్వయంగా ఫోటోగ్రాఫరే.

ఆ 16 టీబీ సరుకును మాత్రం దయచేసి ముట్టుకోకండి. అలాంటి డబ్బాలను విప్పి చూసినవారికి లోపల తరచూ కనిపించేది 64 జీబీదో, 128 జీబీదో ఒక మెమరీ కార్డు. కంప్యూటర్‌కు 16 టీబీ అని అబద్ధం చెప్పేలా దాని ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను, మారుస్తారు. కాపీ ఎక్కడా ఆగదు, ఎర్రర్ రాదు, ఫైళ్ల పేర్లు, సైజులు అన్నీ సక్రమంగా కనిపిస్తాయి. అసలు స్థలం నిండిన తరువాత ఎక్కించిన ఫోటోలు మాత్రం తెరుచుకోవు, కొన్నిసార్లు అంతకుముందు ఎక్కించినవీ చెరిగిపోతాయి. సరిగ్గా ఆ సమయానికి మీరు ల్యాప్‌టాప్ ఖాళీ చేసి ఉంటారు. ఇలాంటివాటిని ఏళ్ల తరబడి తమ పేజీల్లో అమ్మనిస్తున్న షాపింగ్ సైట్ల నిర్లక్ష్యాన్ని నేను క్షమించలేను. ఏ డిస్క్ కొన్నా ఫోటోలు ఎక్కించకముందే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో, మ్యాక్‌లో గాని లినక్స్‌లో గాని ఎఫ్3 అనేదానితో దాని అసలు సామర్థ్యాన్ని పరీక్షించండి; కొన్ని గంటలు పట్టినా ఫరవాలేదు.

ఇక హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీయా అంటే, నింపి బీరువాలో పెట్టేవారికి హార్డ్‌డిస్కే తగినది. ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది కాబట్టి, కరెంటు తగలకుండా దీర్ఘకాలం పడి ఉంటే అది క్రమంగా తరిగిపోవచ్చు. మెమరీ చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రకారం, రాతల పరిమితి (ఎంత సమాచారం రాయవచ్చన్న హద్దు) పూర్తిగా వాడేసిన సాధారణ ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడాది పాటు సమాచారాన్ని నిలుపుకుంటే చాలు. కొత్తది అంతకన్నా బాగా ఎక్కువ కాలమే నిలుపుకుంటుంది గాని, మన వేసవిలో మూసిన బీరువా 30 డిగ్రీల దగ్గర ఆగదు. ప్రయాణాల్లో వాడేవారికి, కెమెరా ఇచ్చే రా (ముడి) ఫైళ్లను డిస్క్ మీదే ఎడిట్ చేసేవారికి మాత్రం ఎస్‌ఎస్‌డీయే మేలు, ఎందుకంటే తిరుగుతున్న హార్డ్‌డిస్క్ బల్ల మీది నుంచి కింద పడితే మిగలడం కష్టం.

చిన్న పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌ల విషయంలో తయారీదారుల మీద నాకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. కొన్ని మోడళ్లలో యూఎస్‌బీ పోర్టును డిస్క్ సర్క్యూట్ బోర్డు మీదే అతికించేస్తున్నారు. పదే పదే కేబుల్ పెట్టి తీయడం వల్ల ఆ పోర్టు వదులైతే, లోపలి డిస్క్‌ను తీసి వేరే కేసులో పెట్టుకునే వీలుండదు. కొన్నింటిలో మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డు మీది చిప్ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తూనే (తాళంచెవి లేకుండా చదవలేని రూపంలోకి మారుస్తూనే) ఉంటుంది కనుక, చిప్ కాలిపోతే సమాచారం ఉండే పళ్లేలు బాగున్నా ఫోటోలు చదవడం దాదాపు అసాధ్యం. అట్టపెట్టె మీద ఈ రెండు సంగతులూ రాయరు. వారంటీ కింద కొత్త డిస్క్ ఇస్తారు తప్ప పోయిన ఫోటోలకు పూచీ ఉండదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా భయపెడుతున్నది రాన్సమ్‌వేర్. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఇలాంటి మాల్‌వేర్ సి డ్రైవ్ దగ్గర ఆగకుండా, కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ప్రతి డిస్క్‌లోకీ వెళ్లి జేపీజీలతో సహా అన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. డిస్క్‌ను రోజంతా ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంచి ‘నాకు బ్యాకప్ ఉంది’ అని నిశ్చింతగా ఉండేవారు ఒక్క తప్పుడు క్లిక్‌తో రెండు ప్రతులూ పోగొట్టుకుంటారు. కాపీ పూర్తికాగానే ఎజెక్ట్ చేసి, కేబుల్ తీసేయండి. రెండు డిస్క్‌లనూ ఒకేసారి ఒకే కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించకండి. ఆల్బమ్ ప్రింట్ల కోసం ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు ఈ డిస్క్ తీసుకెళ్లడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఊళ్లోని పెన్‌డ్రైవ్‌లన్నీ వచ్చి తగిలే కంప్యూటర్ అది. కావలసిన ఫోటోలను మాత్రమే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి, తిరిగి తెచ్చాక దాన్ని ఫార్మాట్ చేయండి.

ఫోటోలతో పాటు ఆధార్, పాన్ స్కాన్ కాపీలు కూడా అదే డిస్క్‌లో ఉంచే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి, ఇల్లు దాటి వెళ్లే రెండో డిస్క్‌ను తప్పకుండా ఎన్‌క్రిప్ట్ చేయండి. విండోస్ ప్రొ ఉంటే బిట్‌లాకర్ సరిపోతుంది. హోమ్ ఎడిషన్ అయితే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ వాడండి. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి, డిస్క్ ఉన్న ఇంట్లో కాకుండా మీ దగ్గరే ఉంచుకుని, ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో మరొకరికి కూడా చెప్పండి.