నెలంతా డబ్బు ఆలోచనే, లెక్క మాత్రం లేదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతూ దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటున్నాను. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ప్రతి నెలా 5న 10,000 పంపిస్తారు, అందులో 6,500 హాస్టల్‌కే పోతుంది. పక్క వీధిలో ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్తే ఇంకో 2,500 వస్తాయి. అయినా 18వ తేదీకల్లా ఖాతా ఖాళీ. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, డబ్బు గురించే ఆలోచన. ఒకరోజు ఛాయ్ తాగాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచిస్తాను, ఇంకోరోజు ఏమీ ఆలోచించకుండా 280 రూపాయల బిర్యానీ ఆర్డర్ పెట్టేస్తాను. ఇప్పుడు కొని తర్వాత కట్టే పే లేటర్ యాప్‌లో 3,800 బాకీ ఉంది, ఇంట్లో తెలియదు. నెల దాటితే 250 లేట్ ఫీజు వేస్తున్నారు, యాప్‌లో మాత్రం వడ్డీ సున్నా అని ఉంది. ఒక ఫ్రెండ్ షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో రోజుకు 500 సంపాదించొచ్చు అంటోంది, ఇంకో ఫ్రెండ్ మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత పెట్టే సిప్ మొదలుపెట్టమంటోంది. సీనియర్ ఒకతను నా బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే నెలకు 5,000 ఇస్తానంటున్నాడు. పోయిన నెల యూపీఐ హిస్టరీ కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: నువ్వు మా అమ్మాయి కంటే చిన్నదానివి, అందుకే నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకమ్మా. మిగతావన్నీ నెమ్మదిగా సర్దుకోవచ్చు గానీ సీనియర్ సంగతి ఈరోజే తేల్చాలి. నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు, నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే.

ఖాతా ఇవ్వొద్దు. ఏటీఎం కార్డు, సిమ్, పిన్, ఏదీ ఇవ్వొద్దు. ఎక్కడో ఒక రిటైర్డ్ మాస్టారుని ఫోన్లో బెదిరించి లాగిన డబ్బు ముందు ఇలాంటి ఖాతాలోకే వచ్చి పడుతుంది, అక్కడి నుంచి నిమిషాల్లో పది ఖాతాలకు చెదిరిపోతుంది. వీటిని మ్యూల్ ఖాతాలంటారు. ఆ మాస్టారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తే పోలీసులకు దొరికే పేరు నీదే, సీనియర్ పేరు ఎక్కడా ఉండదు. ఖాతా ఫ్రీజ్ చేస్తారు, నాన్న పంపిన హాస్టల్ డబ్బు కూడా అందులోనే ఇరుక్కుంటుంది. కేసు పడితే పాస్‌పోర్ట్ దగ్గర, ఉద్యోగంలో చేరేముందు చేసే వెరిఫికేషన్ దగ్గర నువ్వే జవాబు చెప్పుకోవాలి. ఒకవేళ ఇప్పటికే వివరాలు ఇచ్చి ఉంటే రేపు ఉదయం క్లాసు మానేసైనా బ్రాంచికి వెళ్ళి కార్డు బ్లాక్ చేయించు, జరిగింది కాగితం మీద రాసిచ్చి దాని కాపీ మీద ముద్ర వేయించుకో.

ఇప్పుడు 3,800 బాకీ. నెల దాటితే 250 లేట్ ఫీజు వేస్తున్నారని రాశావు, యాప్‌లో మాత్రం వడ్డీ సున్నా అని ఉందట. మన ఊళ్ళ లెక్కలో చూద్దాం. మీ ఊళ్ళో ఎవరైనా నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తే అది ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం, మూడు రూపాయలు అడిగితేనే మీ నాన్న వద్దని లేచి వచ్చేస్తారు. 3,800 మీద నెలకు 250 అంటే నూటికి ఆరున్నర రూపాయల పైనే. ఏడాదికి దాదాపు 79 శాతం. పేరు ఫీజు అని పెట్టారు గానీ నీ జేబులోంచి పోయేది వడ్డీయే. పైగా ఇలాంటి పే లేటర్ చాలావరకు అప్పుగానే క్రెడిట్ రిపోర్టులోకి, అంటే నీ అప్పులు, చెల్లింపుల చిట్టాలోకి ఎక్కుతుంది. ఆ రిపోర్టును బట్టి 300 నుంచి 900 మధ్య ఇచ్చే స్కోరు ఇప్పుడు నీకు అక్కర్లేదనిపిస్తుంది, రేపు ఎంటెక్‌కో ఎంఎస్‌కో ఎడ్యుకేషన్ లోన్ కావాలంటే బ్యాంకు దాన్నీ చూస్తుంది.

అందుకని ఈ నెల ట్యూషన్ డబ్బు 2,500 మొత్తం దానికి కట్టేయి. వచ్చే నెల మిగిలిన 1,300, లేట్ ఫీజు, దాని మీద టాక్స్ అన్నీ కలిపి ఓ 1,600 అవుతుంది, అదీ కట్టేసి ఆ పే లేటర్‌నే క్లోజ్ చేయించు. యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే సరిపోదు, బాకీ లేదని మెయిల్ తెప్పించుకో. రెండు నెలలాగి నీ క్రెడిట్ రిపోర్టు తీసి చూడు, ఈ రిపోర్టులు తయారుచేసే ప్రతి సంస్థ, అంటే క్రెడిట్ బ్యూరో, ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

నీ హిస్టరీని నేను రెండుసార్లు కూర్చుని చదివాను. నువ్వు అనుకుంటున్నట్టు డబ్బు ఛాయ్‌ల్లో పోవట్లేదు. ఛాయ్, పునుగులు, సాయంత్రం టిఫిన్లు అన్నీ కలిపి 1,150. ఇరవై ఏళ్ళ పిల్ల సాయంత్రం ఆకలేసి తిన్నదాన్ని నేను తగ్గించమనను. ఫుడ్ ఆర్డర్లు తొమ్మిది, 2,240 రూపాయలు. బైక్ టాక్సీలు 760. ఈ రెండింటి తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. ఆర్డర్లన్నీ రాత్రి పదకొండు దాటాకే ఉన్నాయి, మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు బైక్ టాక్సీ. అంటే హాస్టల్ కూర నచ్చక ఎనిమిదింటికి సగం తిని లేస్తున్నావు, పదకొండింటికి ఆకలేస్తోంది, ఆర్డర్ వచ్చేసరికి పన్నెండు, తిని పడుకునేసరికి ఒంటిగంట, పొద్దున లేవలేక బస్సు పోతోంది. డిసెంబర్ 2023 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే నీకు జీరో టికెట్, అయినా కాలేజీకి వెళ్ళడానికి నెలకు 760 కడుతున్నావు. ఒక్క కూర బాగుంటే మూడు వేలు మిగిలే పరిస్థితి ఇది. మీ హాస్టల్ చుట్టుపక్కల కర్రీ పాయింట్లకు కొదవ లేదు. అన్నం హాస్టల్లో ఎలాగూ ఉంది, రూమ్‌లో ముగ్గురూ కలిసి ఒక పప్పు, ఒక వేపుడు తెచ్చుకుంటే మనిషికి 30, 40కి మించదు. ఇంటి నుంచి అమ్మను పచ్చడి, కారప్పొడి, కాస్త నెయ్యి పంపమను. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ నీ లెక్క మొత్తంలో ఇంత పెద్ద చిల్లు ఇంకెక్కడా లేదు.

బర్త్‌డేల వాటాలు 1,100 ఉన్నాయి. ఇది కష్టమని నాకు తెలుసు, అందరూ ఇస్తుంటే నువ్వొక్కదానివి లేదనడానికి నోరు రాదు. ఒక నెలకు ఇంత అని ముందే అనుకుని రూమ్మేట్లకు మామూలుగా చెప్పేసెయ్, సగం మంది ఊపిరి పీల్చుకుంటారు, వాళ్ళదీ ఇదే పరిస్థితి.

18న డబ్బు అయిపోయాక నీ ఖర్చు ఆగలేదమ్మా, పే లేటర్‌లోకి మారింది, అంతే. హాస్టల్ పోను ఉన్నది 6,000, అయిన ఖర్చు 7,400. డబ్బు ఒకేసారి 5న వచ్చి కళ్ళ ముందు మొత్తంగా కనిపిస్తుంది కాబట్టి మొదటి పది రోజులు ఉన్నట్టే అనిపిస్తుంది. దాన్ని వారాలుగా విడగొట్టు. 5నే హాస్టల్ కట్టెయ్. రీఛార్జి, జిరాక్స్‌లు, రికార్డులకు కలిపి 850 పక్కన పెట్టు. ఈ నెల వారానికి 600, వచ్చే నెల కాస్త ఎక్కువ, అప్పు తీరాక 850. ఈ వారం డబ్బును ప్రతి సోమవారం యూపీఐ యాప్‌లోనే చిన్న పర్సులా ఉండే యూపీఐ లైట్‌లోకి మార్చుకో, అందులో 5,000 వరకు ఉంచొచ్చు, 1,000 లోపు చెల్లింపులకు పిన్ అక్కర్లేదు, డబ్బు తగ్గగానే ఖాతాలోంచి దానంతటదే నింపే ఆటో టాప్-అప్ మాత్రం ఆపేసి పెట్టు. పెద్ద ఖాతాలోంచి నేరుగా స్కాన్ చేయడం మానెయ్. సోమవారం ఎంత వచ్చింది, ఆదివారానికి ఎంత మిగిలింది, ఈ రెండు అంకెలు నోట్స్ వెనక పేజీలో రాస్తే చాలు, ప్రతి ఛాయ్ రాయక్కర్లేదు. నువ్వు బస్సులో గంటల తరబడి ఆలోచిస్తున్నది ఈ రెండు అంకెలు లేకనే. అవి ఉంటే ఛాయ్ దగ్గర పది నిమిషాల తర్జనభర్జన ఉండదు, కిటికీ పక్కన కూర్చుని ఇంకేదైనా ఆలోచించుకోవచ్చు.

ఆప్షన్స్ వద్దు. 2024 సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన అధ్యయనం ప్రకారం మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, సగటున మనిషికి సుమారు రెండు లక్షలు. మీ ఫ్రెండ్ చూపించే స్క్రీన్‌షాట్లు లాభం వచ్చిన రోజులవి, నష్టపోయిన రోజు ఎవరూ స్క్రీన్‌షాట్ తీయరు.

సిప్ మంచిదే, కానీ ఇప్పుడే కాదు. నెలకు 500 చొప్పున ఏడాది కట్టి, 12 శాతం వచ్చిందనే అనుకున్నా నీకు పెరిగేది ఓ నాలుగొందలు. పే లేటర్ లేట్ ఫీజు రెండు నెలల్లో అంతకంటే ఎక్కువ తినేస్తోంది. అప్పు తీరిన నెల నుంచి 1,500 చొప్పున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టు, ఐదు నెలల్లో ఒక నెల హాస్టల్ ఫీజు చేతిలో ఉంటుంది. ఇది ఎందుకంటే మిల్లులో నాన్నకు జీతం ఒక నెల ఆలస్యం కావచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని పరీక్షల ముందు కాలేజీ నిన్ను కట్టమని అడగొచ్చు. ఆ రోజు ఈ 6,500 లేకపోతే మళ్ళీ యాప్ దగ్గరికే వెళ్తావు. అది పోగయ్యాక 500తో ఒక ఇండెక్స్ ఫండ్‌లో, అంటే మార్కెట్ సూచీలోని షేర్లనే కొనే ఫండ్‌లో సిప్ మొదలుపెట్టు, నేర్చుకోవడానికి పనికొస్తుంది.

ఇంట్లో చెప్పమని నేను గట్టిగా అడుగుతున్నాను. డబ్బు పంపమని కాదు, తీర్చే దారి నీ దగ్గరే ఉంది. రికవరీ వాళ్ళు ఏదో ఒకరోజు ఫోన్ చేస్తే, ఆ మాట అమ్మానాన్నలు వాళ్ళ నోటి నుంచి వినకూడదు. ముందు అమ్మతో మాట్లాడు. "3,800 అప్పు చేశానమ్మా, ఈ నెల 2,500 కట్టేస్తున్నా, వచ్చే నెలకు అయిపోతుంది" అని అంకెలతో చెప్పు. అంకెలు ఉన్నప్పుడు ఆవిడకు కూడా సగం కంగారు తగ్గుతుంది, నాన్నకు ఎప్పుడు ఎలా చెప్పాలో ఆవిడే చూసుకుంటుంది.

ఈ రాత్రి సీనియర్‌కు కుదరదని మెసేజ్ పెట్టు. అతను మళ్ళీ మళ్ళీ అడిగినా, బెదిరించినా ఆ మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచి నాకు రాయి, ఎక్కడ ఎలా ఫిర్యాదు ఇవ్వాలో చెప్తాను.