చీనీ తోటలో పాత గోల్ఫ్ బండి: తప్పు రాగి బిళ్లలదేనా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాయనకు మోకాళ్లు పట్టేసినాయి, అయినా రోజూ చీనీ తోట చుట్టి రాకపోతే ఆయనకు పొద్దుపోదు. అందుకని బెంగళూరులో పాత గోల్ఫ్ బండి ఒకటి కొని తెచ్చినాను. 36 వోల్టులది, సీటు కింద ఆరు బ్యాటరీలు. ఈ మధ్య పెడల్ సగం తొక్కినా కదలదు, ఇంకా తొక్కితే ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. సీటెత్తి చూస్తే స్పీడు మార్చే రాగి బిళ్లలు నల్లబడి, గుంతలు పడి ఉన్నాయి. ఒకరు ఎమ్రీ పేపరుతో రుద్దమంటారు, ఇంకొకరు గుంతల్లో టంకం నింపమంటారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: రెండూ వద్దు. బిళ్లల సంగతి తర్వాత, ముందు వాటి వెనకాల ఉన్న తీగ చుట్టలు చూడండి.

నేను గుత్తి రైల్వే డీజిల్ షెడ్డులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కాంటాక్టుల మసి గోకడంలోనే సగం సర్వీసు గడిచింది. మీ బండిని చూడలేదు గానీ, ‘సగం తొక్కినా కదలదు, తర్వాత దూకుతుంది’ అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఇలాంటి పాత బండిలో ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఉండదు. పెడల్‌కు తగిలించిన చెయ్యి ఒకటి, వైపర్ అంటారు, వరసగా ఉన్న బిళ్లల మీద జారుతుంది. మొదటి బిళ్ల మీద కరెంటు చుట్టలన్నిటినీ దాటుకుని మోటారుకు పోవాలి. బిళ్ల మారినప్పుడల్లా ఒక చుట్ట తప్పుకుంటుంది. చివరి బిళ్లకు చుట్టలతో పనే లేదు, బ్యాటరీ కరెంటు నేరుగా మోటారుకే. అంటే మధ్యలో ఒక్క చుట్ట తెగినా, దాని నట్టు వదులైనా, దానికి ముందున్న మెట్లన్నీ చచ్చిపోతాయి. ఆ చుట్ట తప్పుకున్న మెట్టుకు రాగానే బండి దూకుతుంది. మీ బండి చేస్తున్నది అదే.

సీటెత్తగానే చేయి పెట్టకండి. బ్యాటరీల మెయిన్ కేబుల్ ఒకటి ఊడదీసి దూరంగా కట్టేయండి. ఉంగరం, వాచీ తీసేయండి. 36 వోల్టులకు షాకు భయం తక్కువే, మంట భయం మాత్రం ఎక్కువ. ట్రాక్టర్ బ్యాటరీ దగ్గర పానాకూ బాడీకీ మధ్య ఇరుక్కున్న ఉంగరం నా వేలిని ఎట్లా కాల్చిందో చూపించడానికి మచ్చ ఇప్పటికీ ఉంది. అది 12 వోల్టులే! ఇప్పుడు మల్టీమీటరుతో ఒక్కో చుట్ట ఈ కొస నుంచి ఆ కొసకు ఎక్కడైనా తెగిందేమో చూడండి. తెగిన చుట్టను మెలిపెట్టి అతికించకండి, ఆ అతుకు దగ్గరే మళ్లీ కాలుతుంది. చుట్ట బాగుంటే నట్లూ, తీగ కొసలకుండే లగ్గులూ విప్పి, చిలుము గీకి, మళ్లీ బిగించండి.

ఇక బిళ్లలు. ఎమ్రీ పొడిలో ఇనుప ఆక్సైడు ఉంటుంది. అది రాగిలో గుచ్చుకుని ఉండిపోతే వైపర్‌ను అరగదీస్తుంది. సన్నటి ఆకురాయితో ఎత్తుపల్లాలు తీసి, పొడి గుడ్డతో తుడవండి. మసి పోతే చాలు, అద్దంలా మెరవక్కర్లేదు. గుంత లోతుగా ఉంటే బిళ్ల మార్చాల్సిందే. టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అతుకులో 0.01 ఓమ్ అడ్డు, అందులో 100 ఆంపియర్లు అనుకోండి, అక్కడికక్కడ 100 వాట్ల వేడి. టంకం వేయడానికి వాడే 25 వాట్ల ఐరన్ లాంటివి నాలుగు ఒక్కచోట పెట్టినట్టు. మీరు నింపిన టంకం కారి పక్క బిళ్లకు అంటుకుంటుంది. కొత్త బిళ్ల దొరక్కపోతే పాతదాన్ని పట్టుకుని లేత్ వర్క్స్‌కు పోండి. రాగి కడ్డీ నుంచి తీయమనండి, ఇత్తడి తీసుకోకండి.

చాలామంది చూడనిది వైపర్ వెడల్పు. అది ముందు బిళ్లను తాకిన తర్వాతే వెనక బిళ్లను వదలాలి. మూతి అరిగితే రెంటికీ నడుమ ఖాళీ వచ్చి ప్రతి మెట్టు దగ్గరా మెరుపు కొడుతుంది. ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి మెరుపు త్వరగా ఆరుతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ సున్నా లేదు, మెరుపు సాగుతూనే ఉంటుంది, రాగిని తింటూనే ఉంటుంది. మీ గుంతలు బిళ్లల అంచుల్లోనే ఉన్నాయా, నడుమ ఉన్నాయా చూడండి. అంచుల్లో ఉంటే వైపర్ మార్చండి. నడుమ ఉంటే వైపర్‌ను బిళ్లకు అదిమిపట్టే స్ప్రింగు చచ్చిందని అర్థం. వేడికి నీలిరంగు తిరిగిన స్ప్రింగు ఎంత సాగదీసినా మళ్లీ పట్టు ఇవ్వదు.

పని అయ్యాక చక్రాలు జాకీ మీద లేపి పెడల్ మెల్లగా తొక్కుతూ, ఒక్కో మెట్టు చూసుకోండి, అంతే. పూర్తిగా తొక్కొద్దు. అది సిరీస్ మోటారు, బరువు లేకపోతే వేగానికి అడ్డూ అదుపూ ఉండదు.

బిళ్లలు ఎందుకు కాలాయో మీ ఉత్తరంలోనే ఉంది. మీ నాయన ఒక్కో చెట్టూ చూసుకుంటూ నత్తనడకన పోతుంటారు, అవునా? సగం పెడల్ అంటే సగం కరెంటు ఖర్చు అనుకుంటాం. కాదు, మిగిలింది చుట్టల్లో వేడిగా తగలబడుతుంది. మా డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజన్ హ్యాండిలుకు 8 నాచ్‌లు, అంటే మెట్లు, ఉండేవి గానీ అక్కడ వేగం ఇట్లా కాల్చి తగ్గించేవాళ్లం కాదు. పెద్దాయనను జోరుగా తోలమని చెప్పలేం. రెండు చెట్ల నడుమ పెడల్ పూర్తిగా తొక్కి, చెట్టు దగ్గర పూర్తిగా వదిలేసి, నిలబడి చూసుకోమనండి. గట్టు ఎక్కేటప్పుడు సగం పెడల్ మీద బండిని నిలబెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఒకటి మరిచాను. ఆ చుట్టలు వేడెక్కడం వాటి గుణం, కాబట్టి వాటి చుట్టూ గాలి ఆడాలి. మీ దగ్గర నాపరాతి దుమ్ము ఎట్లాగూ ఉంటుంది, దానికితోడు సీటు కింద ఎండిన చీనీ ఆకులు చేరి ఉంటాయి. బండి చల్లారాక వారానికోసారి ఊడ్చేయండి.