జేమ్స్ ‘రాశాడా’, ‘రాశారా’?

సందేహం: మా పర్లాకిమిడిలో తెలుగు పిల్లలతో గోడపత్రిక నడుపుతున్నాం. మనిషి చైతన్యాన్ని పరిశోధించిన విలియం జేమ్స్ మీద ఒక అమ్మాయి వ్యాసం రాసింది. ‘పుట్టాడు, చదివాడు’ అని చూసి ఒక పెద్దాయన ‘అంతటి మనిషికి డు ఏమిటమ్మా, రు పెట్టు’ అన్నారు. సగం దిద్దాక నాకే అనుమానం వచ్చింది. వ్యాసం పంపుతున్నాను. ఏది ఒప్పు?
— ఒక ఉపాధ్యాయురాలు, గజపతి జిల్లా

సమాధానం: రెండూ ఒప్పే. నా ఓటు మాత్రం అమ్మాయికే.

చరిత్ర చెప్పేటప్పుడు తెలుగులో ‘డు’ అగౌరవం కాదు. నన్నయ రాశాడు, పోతన రాశాడు అంటాం. ‘రాయలు’ అనే పేరులోనే బహువచనం ఉన్నా, గజపతుల నుంచి కొండవీడు ‘గెలుచుకున్నాడు’ అనే అంటాం. అదే గిడుగు రామమూర్తిగారి దగ్గరికొస్తే మీ ఊళ్లో ‘చెప్పాడు’ అనడానికి నోరు రాదు. 1880లో అక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరి, సవర భాష నేర్చి, 1936లో ఊరు ఒడిశాలో కలిసేదాకా అక్కడే ఉన్నారు కదా! ఆయన మీకు ఇంటిపెద్ద. జేమ్స్‌తో ఆ చుట్టరికం లేదు.

పెద్దాయన బడిలో ఒడియా చదువుకున్నారేమో. ఒడియాలో పెద్దల విషయంలో ‘కహిలే’ (చెప్పారు) అనాలి, ‘కహిలా’ (చెప్పాడు) అంటే చిన్నబుచ్చినట్టే. ఆ చెవితో వింటే మన ‘డు’ గుచ్చుకుంటుంది మరి.

ఏది పట్టుకున్నా చివరిదాకా వదలకూడదు. మీరు పంపిన వ్యాసంలో జేమ్స్ 1842లో న్యూయార్క్‌లో ‘పుట్టాడు’, 1869లో హార్వర్డ్‌లో వైద్యపట్టా ‘పుచ్చుకున్నాడు’. 1890లో మనస్తత్వశాస్త్రం మీద పెద్ద గ్రంథం వచ్చేసరికి ‘రాశారు’ అయ్యాడు. పన్నెండేళ్లు పట్టిన పుస్తకం కాబట్టి ప్రమోషన్ వచ్చినట్టుంది! ఆలోచన ముక్కలుగా ఉండదు, ఏరులా పారుతుందని ఆ పుస్తకంలో చెప్పిన మనిషికి ఇలా మధ్యలో క్రియ మారిపోవడం అన్యాయం.

‘ఆయన రాశాడు’ అన్న వాక్యం కూడా ఉంది. ‘ఆయన’ పక్కన ‘రు’ ఉండి తీరాలని పట్టుబట్టేవాళ్లున్నారు. జనం నోట ఎప్పటినుంచో ఉన్నదే, నేనైతే దిద్దను.

అసలు దిద్దాల్సింది చివరి పేరాలో ఉంది. జేమ్స్ ‘బోధించారు’ట, ఆయన శిష్యురాలు మేరీ కాల్కిన్స్ ‘చదివింది’ట. ఆమె 1895లో పరీక్షకు నిలబడితే, అంత గొప్పగా ఎవరూ రాణించలేదని జేమ్సే మెచ్చుకున్నాడు. అయినా ఆడమనిషని హార్వర్డ్ డాక్టరేట్ ఇవ్వలేదు. 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలు ఆమే. ‘బోధించాడు, చదివింది’ అనండి, లేదా ఇద్దరికీ ‘రు’ పెట్టండి. తెలుగులో ఆడమనిషికీ ఆవుకూ ఒకటే ‘ది’ కాబట్టి, మగవాడికి మాత్రమే ‘రు’ తగిలిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పేరున్న పత్రికల్లోనూ ఈ జబ్బుంది. మీ గోడ మీదికి ఎక్కనివ్వకండి.